డబుల్ ప్రమోషన్

నాకు పుట్టినరోజులు రెండు. ఒకటి మా మామ్మ చెప్పినది: 1975, అట్లతద్ది వెళ్ళిన మూడో నాడు. రెండోది నా సర్వీసు రిజిస్టర్లో ఉన్నది: 1974 జూన్ 1. రెంటికీ మధ్య ఏడాది మీద దాదాపు ఐదు నెలలు తేడా. నేను మూడో తరగతి చదవకుండా రెండులోంచి నాలుగులోకి దూకాను. ఇలాగైతే పదో తరగతి పరీక్ష నాటికి వయసు చాలదన్నారు. దాంతో తరగతి దూకించిన రోజునే రిజిస్టర్లో నా వయసునీ దూకించేశారు. ఆ పుణ్యాన, అందరూ 62కి రిటైరైతే నేను అరవై దాటీ దాటకుండానే ఇంటికొస్తాను. "తెలివికి గవర్నమెంటు వేసిన జరిమానా" అంటారు మా ఆయన.

మా ఊరు పి.గన్నవరం అక్విడక్టుకి దిగువన, వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక. పేరు చెప్పను. ఊరు మరీ చిన్నది, పేరు చెబితే మనుషులు తెలిసిపోతారు. అరటి, కొబ్బరి, ఏటిగట్టు వార కాస్త కూరగాయలు. ఊళ్ళోకి రావాలన్నా పోవాలన్నా పడవే. మండలాలు ఇంకా రాలేదు కాబట్టి మాది సమితి స్కూలు. ఒకటే హాలు, ఒకరే మేష్టారు, ఐదు తరగతులు. ఒకటీ రెండూ తూర్పు గోడకేసి, మూడు పడమటి గోడకేసి, నాలుగూ ఐదూ మేష్టారి కుర్చీకేసి కూర్చునేవి. మధ్యలో గోడ కాదు గదా, గుడ్డ తెర కూడా లేదు. పక్క చాప మీదకి జరిగితే తరగతి మారినట్టే.

ఏకోపాధ్యాయ పాఠశాల అంటే ఇప్పుడు అందరూ అయ్యో అంటారు. అయ్యో అనాల్సిందే, నేనూ అలాంటి బడిలో పదకొండేళ్ళు పనిచేశాను, ఆ నొప్పి తెలుసు. కానీ దానిలో ఒక సుఖం ఉండేది. నాలుగో తరగతి వాళ్ళు గొంతెత్తి చదివే పద్యం రెండో తరగతి చెవిన పడకుండా ఎవరాపగలరు? మా పాఠం మేం దిద్దుతూ వాళ్ళ పాఠం వినేవాళ్ళం. ముందుకి పరిగెత్తే పిల్లకి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ ఇవ్వక్కర్లేదు, చెవులుంటే చాలు. వెనకబడ్డ పిల్లాడు కింది తరగతి పాఠం రెండోసారి, మూడోసారి వినేవాడు. వాడికి సిగ్గూ లేదు, ఎందుకంటే ఎవడు ఏది వింటున్నాడో ఎవరికీ తెలీదు.

నేను వినే రకం. ఏడేళ్ళకి ఐదో తరగతి పద్యాలన్నీ వచ్చు. అర్థం అడక్కూడదు.

1982 వేసవి సెలవుల ముందు డిప్యూటీ ఇనస్పెక్టరు గారు పడవెక్కి వచ్చారు. ఆ రోజు హాలు రెండుసార్లు ఊడ్చాం, మేష్టారు ఉతికిన లాల్చీ వేసుకొచ్చారు. ఇనస్పెక్టరు గారు నాలుగో తరగతిని గోదావరి ఉపనదులు అడిగారు. వాళ్ళు నీళ్ళు నములుతుంటే, తూర్పు గోడకేసి తిరిగి కూర్చున్న నేను వెనక్కి తిరక్కుండానే ప్రాణహిత, మంజీర, ఇంద్రావతి, శబరి అనేశాను. ఆయన నన్ను లేపారు. పందొమ్మిదో ఎక్కం పై నుంచి కిందికీ, కింద నుంచి పైకీ అప్పజెప్పించుకున్నారు. రెండు పద్యాలు. అంతే, పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఏమండీ మేష్టారూ, ఈ పిల్లని ఇంకా రెండులోనే కూచోబెట్టారేంటండీ? డబుల్ ప్రమోషన్ ఇచ్చేయండి."

"చిత్తం. చూద్దామండి" అన్నారు మా మేష్టారు. ఆ 'చూద్దామండి'లో ఏముందో అప్పుడు నాకు వినపడలేదు. మా నాన్నకి అసలే వినపడలేదు. ఆ సాయంత్రమే మా మామ్మ ఆత్రేయపురం మనిషినంపి పూతరేకులు తెప్పించి వీధి వీధంతా పంచిపెట్టింది. ఆ మాట మా ఇంట్లో ఎన్నాళ్ళు నిలిచిందంటే, పద్నాలుగేళ్ళ తర్వాత పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకి కూడా కాఫీల కంటే ముందు "మా పిల్లకి చిన్నప్పుడు డబుల్ ప్రమోషన్ ఇచ్చారండీ" అని వడ్డించారు.

జూన్లో నాలుగో తరగతి చాప మీద కూర్చున్నాను. నెల తిరక్కుండా తెలిసింది, మూడో తరగతిలో నా సామాను కొంత ఉండిపోయిందని. పెద్ద భాగహారాలు. విన్నానుగా! భాగించు, హెచ్చవేయి, తీసివేయి, అంకె దించు. పాటలాగా వచ్చు. ఎందుకు దించాలో, దించితే ఏమవుతుందో మాత్రం తెలీదు. పక్క పలక మీద జవాబు చూసి, మధ్యలో అంకెలు నేనే కల్పించి రాసేదాన్ని. ఎవరికైనా చెబుదామంటే ఎలా చెబుతాను? పూతరేకులు అందరూ తినేశారు.

అలాంటి రోజుల్లో ఓ పొద్దున్న మేష్టారు కుర్చీ మీదున్న హాజరు పట్టీ తెమ్మన్నారు. తెస్తూ తెస్తూ వెనక పేజీలు తిరగేశాను. పెన్సిల్‌తో రాసిన చిన్న చిన్న అక్షరాలు. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒకటి రెండు ముక్కలు. 'బొమ్మలు గీయును, చెప్పితే మానును.' 'ఆకలి. మధ్యాహ్నం తరువాత లెక్కలు అడగరాదు.' నా పేరు దగ్గర కళ్ళు ఆగాయి.

'జ్ఞాపకశక్తి అపారం. అర్థం సందేహం.'

ఆ నాలుగు మాటలూ నలభై ఏళ్ళు నాతో ఉన్నాయి. ఏడుపు రాలేదు, నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. ఎవరో ఒకరికి తెలుసన్నమాట! దాని కిందనే, రేవు దగ్గర పడవ వేసే తాత మనవడి పేరు. వాడు నాకంటే రెండేళ్ళు పెద్ద, రెండో తరగతి రెండోసారి చదువుతున్నాడు. 'పడవ' అని రాయమంటే 'వడప' అని రాసేవాడు. వాచకం చేతికిస్తే చెమటలు పట్టేవి వాడికి. బడంతా వాణ్ణి మొద్దు అనేది, నాతో సహా. వాడి పేరు పక్కన మేష్టారు రాసింది ఇది: 'చదువు రాదు. పడవ గీతలు, కనుక్కోవలెను.'

పడవ గీతలేంటి?

ఆ శనివారం ఒంటిపూట బడి. అవతలి ఒడ్డున మా అత్తయ్యగారింటికి వెళ్ళాలి, మేష్టారితో పాటు నేనూ పడవెక్కాను. తాతకి జ్వరం, మనవడే గెడ వేస్తున్నాడు. పడవ పక్కచెక్క మీద, బయటివైపు మేకుతో గీసిన గీతలు మేష్టారు వంగి చూస్తున్నారు.

"ఇవేంట్రా?"

"గీతలండి."

"గీతలని నాకూ తెలుసు. ఎవరు గీశారు?"

"నేనేనండి. తాతకి చెప్పకండి, కొడతాడండి."

మేష్టారు చెప్పనన్నారు. వాడు గెడ ఆపి చూపించాడు. ఖాళీ పడవకి నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయో అక్కడొక గీత. పది మంది ఎక్కితే ఎక్కడికి, ఇరవై మందికి ఎక్కడికి, ముప్పై మందికి ఎక్కడికి, ఒక్కోదానికీ ఒక్కో గీత. వాడి గొడవేంటంటే, అరటి గెలలు ఎక్కించేటప్పుడు ఎన్ని ఎక్కించవచ్చో తాత కంటిచూపుతో చెప్పేవాడు, ఒక్కోసారి అంచు దాకా నీళ్ళొచ్చేవి. అందుకని వీడు గెలల్ని మనుషుల్లోకి మార్చుకున్నాడు.

"మూడు గెలలు ఒక మనిషండి."

"నేనెన్ని గెలలురా?"

వాడు కాసేపు తటపటాయించాడు. "మీరు నాలుగండి."

మేష్టారు బొజ్జ ఊగేలా నవ్వారు. తర్వాత గీతల మధ్య వేళ్ళు పెట్టి కొలిచారు. కింది రెండు గీతల మధ్య నాలుగు వేళ్ళు. పై రెంటి మధ్య మూడే. "పదేసి మందే కదరా. దూరం తగ్గిందేం? తప్పు గీశావా?"

"లేదండి. పైకెళ్ళేకొద్దీ పడవ పొట్ట పెరుగుద్ది కదండీ. వెడల్పు కాబట్టి తక్కువ దిగుద్ది."

"అయితే నలభై మందికి?"

"రెండున్నర వేళ్ళు దిగుద్దండి. కానీ ఆ గీత ఎయ్యలేదండి."

"ఏం?"

"అక్కడికొస్తే మునుగుద్దండి."

అవతలి ఒడ్డు దాకా మేష్టారు ఇంక మాట్లాడలేదు. ఒడ్డు దిగాక, నేను పక్కనున్నానన్న సంగతి మర్చిపోయి, "వీణ్ణి నేను రెండేళ్ళు రెండులో కూచోబెట్టాను" అన్నారు. ఎవరితో అన్నారో తెలీదు.

సోమవారం నుంచి మా ఇద్దరికీ జోడీ కట్టారు. మధ్యాహ్నం బెల్లు తర్వాత అరగంట, వసారాలో. నేను వాడికి చదువు చెప్పాలి, వాడు నాకు భాగహారం చెప్పాలి. నాకెంత తలకొట్టేసినట్టయిందో చెప్పలేను. డబుల్ ప్రమోషన్ పిల్లకి రెండో తరగతి వాడు లెక్కలు చెప్పడమా? ఇంట్లో చెప్పలేదు.

వాడు పలక ముట్టుకోలేదు. చింతపిక్కలూ పుల్లలూ తెచ్చాడు. "నాలుగొందల ముప్పై రెండు కాయలు. ముగ్గురన్నదమ్ములు పంచుకోవాలి. ముందు వందల రాశులు పంచు. తలా ఒకటి వచ్చింది. ఒక రాశి మిగిలిపోయింది. ఏం చేస్తావు?"

"కొసరు కింద వదిలేస్తాను."

"వంద కాయలు కొసరా! దాన్ని ఇప్పు. పది పదుల కుప్పలవుతాది. ఈ మూడూ అందులో కలుపు. పదమూడు. తలా నాలుగు. ఒక కుప్ప మిగిలింది. మళ్ళీ ఇప్పు."

విప్పడం. మూడో తరగతిలో నేను వదిలేసి వచ్చిన ముక్క అదీ. అంకె దించడమంటే మిగిలిన రాశిని విప్పి కింద ఉన్నవాటిలో కలపడమని, పాటలో నాకెవరూ చెప్పలేదు. ఈ రోజుకీ మా పిల్లలకి భాగహారం చెప్పేటప్పుడు 'దించు' అనను, 'విప్పు' అంటాను. శిక్షణల్లో కొందరు కొత్తగా చూస్తారు.

నేను వాడికి చెప్పింది అంత గొప్పగా లేదు. పకారానికీ వకారానికీ తేడా చెప్పి చెప్పి విసుక్కునేదాన్ని. చివరికి మేష్టారే ఉపాయం చెప్పారు: ఇసకలో పెద్దగా రాసి, వాడి చేత దాని మీద నడిపించమని. నడిస్తే గుర్తుండేది. పరీక్షలప్పుడు వాడు నోటితో చెబితే మేష్టారే రాసుకునేవారు. ఇప్పుడైతే ఇలాంటి పిల్లల్ని 'ట్వైస్ ఎక్సెప్షనల్' అంటారని మా అమ్మాయి చెప్పింది, అంటే ఒక పక్క అందరికంటే ముందు, ఇంకో పక్క అందరికంటే వెనక. ముందున్నది వెనకున్నదాన్ని కప్పేస్తుంది, వెనకున్నది ముందున్నదాన్ని కప్పేస్తుంది. బయటికి చూస్తే మామూలు పిల్లాడు, లేకపోతే మొద్దు.

జోడీల సంగతి తర్వాతెప్పుడో బొమ్మూరు డైట్లో టీచరు ట్రైనింగు, అదే టీటీసీ, చదివేటప్పుడు మళ్ళీ తగిలింది. 1790ల్లో మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసకలో వేలితో దిద్దుతుంటే చూసి, అదీ, పిల్లలు పిల్లలకి చెప్పుకునే పద్ధతీ పట్టుకుని, 1797లో లండన్లో పుస్తకం వేశాడట. 'మద్రాసు పద్ధతి' అని ఆ దేశమంతా పాకింది. మన ఇసక వాళ్ళకి పద్ధతైంది, మనకి పాత చింతకాయ పచ్చడైంది, సరే. కానీ ఆ పద్ధతిలో వచ్చినవాడు రానివాడికి చెబుతాడు. మా మేష్టారు చేసింది అది కాదు. ఇద్దరు రానివాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

ఇంకో సంగతి శనివారం లెక్క. వారానికొకటి, ఎవరైనా చెయ్యొచ్చు, ఒకటో తరగతి వాడైనా సరే. జవాబు ఆయనకి తెలిసినట్టు ఉండేది కాదు. ఒకసారి 'అవతలికి వెళ్ళకుండా ఏరెంత వెడల్పో చెప్పండి' అన్నారు. మూడు వారాలు అదే లెక్క. చివరికి, ఎప్పుడూ నోరు విప్పని మూడో తరగతి పిల్ల ఒకతి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అవతలి ఒడ్డు నీళ్ళంచు ఆ చేతి కిందకి సరిగ్గా వచ్చేలా చూసి, చెయ్యీ తలా కదపకుండా మా ఒడ్డు కేసి తిరిగి, చూపు ఎక్కడ నేలని తాకిందో అక్కడికి అంగలేసుకుంటూ వెళ్ళింది. ఎండ తగలకుండా చూడటం తప్ప అదేం చేస్తోందో మాకెవరికీ అర్థం కాలేదు. అక్కడికెన్ని అంగలో ఏరూ అంతే వెడల్పని మేష్టారికి మాత్రం తెలిసింది. వాళ్ళమ్మని పిలిపించి చెప్పారు. ఆవిడ "అయితే రేపట్నించి బడి మాన్పించనాండీ?" అంది. ఏదో తప్పు చేసిందనుకుంది పాపం.

ఆ రోజుల్లో తెలివైన పిల్లలకంటూ వేరే బడి అంటే మాకు తెలిసింది తాడికొండ గురుకులం పేరొక్కటే. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో మొదలెట్టి, మరుసటేడు తాడికొండలోనూ కొడిగెనహళ్లిలోనూ పెట్టారు. నవోదయలు పుట్టనే లేదు, అవి 1986 విద్యావిధానం తెచ్చినవి. అవి వచ్చాక మా తమ్ముడు రాసి పెద్దాపురం వెళ్ళాడు. వాడికి దీపం దగ్గర కూర్చోబెట్టి బొమ్మల ప్రశ్నలు నేర్పింది నేనే. వాడు మంచి తెలివైనవాడే, కాదనను. కానీ తిప్పిన బొమ్మ, అద్దంలో బొమ్మ, వరసలో తర్వాతి బొమ్మ, ఇవి నేర్పితే వస్తాయని నాకు అప్పుడే తెలిసిపోయింది. నేర్పేవాళ్ళు ఉన్న ఇంట్లో పుట్టడం కూడా తెలివి కిందే జమైపోతుంది.

నవోదయని తిట్టడానికి కాదు ఇది. నాలుగింట మూడొంతుల సీట్లు పల్లెటూరి పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి, తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ వాళ్ళే. మా లంకల్లోంచి ఎంతమంది దాని చెయ్యి పట్టుకుని గట్టెక్కారో నేను కళ్ళారా చూశాను. ఇప్పటికీ ఏటా మా ఐదో తరగతి పిల్లల దరఖాస్తులు నేనే కూర్చుని నింపుతాను. కానీ నింపుతున్నప్పుడల్లా పడవ వాడు గుర్తొస్తాడు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. అందులో 40 బొమ్మలు. అవి వాడు గెడ వేస్తూ వేస్తూ చేసేసేవాడు. లెక్కలు 20, అవి ఎవరైనా చదివి వినిపిస్తే చేసేవాడు. భాష 20. అక్కడ పడవ మునుగుద్ది. పైగా ఒక్కసారే రాయాలి, రెండో అవకాశం లేదు. ఇప్పుడైతే టౌనుల్లో నాలుగో తరగతి నుంచే కోచింగులు. మొన్న ఒకాయన మా బడికొచ్చి, మావాడికి 'గిఫ్టెడ్' అని మీరు రాసిస్తే కోచింగు వాళ్ళు ఫీజు తగ్గిస్తారంటండీ అన్నాడు. ఏం రాయను?

మా అమ్మాయి సైకాలజీ చదివింది. రాత్రిళ్ళు ఫోన్లో దానితో ఈ గొడవే. "అమ్మా, అసలు తెలివి పరీక్ష ఎందుకు పుట్టిందో తెలుసా? 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అని ఇద్దరు, బళ్ళో వెనకబడుతున్న పిల్లలెవరో తెలుసుకుని వాళ్ళకి సాయం చేద్దామని తయారు చేశారు" అంది. వెనకవాళ్ళ కోసం పుట్టింది ముందువాళ్ళని ఏరేదిగా ఎలా మారిందే అంటే, అమెరికాలో టెర్మన్ అనే ప్రొఫెసరు కథ చెప్పింది. 1921లో కాలిఫోర్నియా బడుల్లో మహా తెలివైన పిల్లల్ని వెతకడం మొదలెట్టాడట. ముందు పంతుళ్ళు పేర్లివ్వాలి, తర్వాత పరీక్ష. దొరికిన పిల్లల్ని జీవితమంతా వెంబడించి రాసుకున్నాడు. తమాషా ఏంటంటే, ఆ పరీక్షలో మార్కులు చాలక మిగిలిపోయిన పిల్లల్లో ఇద్దరికి, షాక్లీకీ అల్వారెజ్‌కీ, పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఏరుకున్న వాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

"అంటే మా ఇనస్పెక్టరు గారు వాళ్ళ బంధువేనన్నమాట" అన్నాను.

ఫ్లోరిడా సంగతి మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. అక్కడ బ్రోవార్డ్ అని ఒక కౌంటీ. అంతకుముందు పంతుళ్ళో తల్లిదండ్రులో ఫలానా పిల్ల తెలివైందని చెబితేనే పరీక్ష పెట్టేవారు. 2005లో పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరికీ, అడిగినా అడక్కపోయినా, మాటల్లేని బొమ్మల పరీక్ష పెట్టారు. పేద పిల్లలూ, నల్లవాళ్ళ పిల్లలూ, స్పానిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలూ ఒక్కసారిగా బయటపడ్డారు. వాళ్ళు అంతకుముందూ ఆ బెంచీల మీదే ఉన్నారు! తర్వాత డబ్బుల్లేవని ఆ పరీక్ష ఆపేసేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. ఆ పంతుళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నాలాంటి పిల్ల కనపడగానే చెయ్యెత్తి చూపించే మామూలు పంతుళ్ళు. నేనూ అంతే కదా, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎంతమంది 'వడప'లు నా ముందు కూర్చుని వెళ్ళిపోయారో.

చుట్టుపక్కల బళ్ళ టీచర్లం కలిసే మా కాంప్లెక్సు మీటింగులో 2020 విద్యావిధానం గురించి చెప్పినప్పుడు, ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకి అదనపు పనులివ్వాలనీ, సైన్సు, లెక్కలు, సంగీతం, చదరంగం లాంటి వాటికి క్లబ్బులు పెట్టాలనీ అందులో ఉందని చదివారు. వెనక కూర్చున్న కుర్ర మేష్టారు "ఉన్నదే ఇద్దరం టీచర్లం, క్లబ్బుకి మూడో మనిషి కావాలండి" అన్నాడు. అందరం నవ్వాం, టీ వచ్చింది. నాకు శనివారం లెక్క గుర్తొచ్చింది. దానికి మూడో మనిషి అక్కర్లేదు. ఆ మాట పైకి అనలేదు, అంటే ఆ క్లబ్బు నా నెత్తినే పెడతారు.

పడవ వాడి సంగతి చెప్పాలి. 1986 ఆగస్టు వరదలో వాళ్ళ పడవ కొట్టుకుపోయింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఎగరేస్తారని రేడియోలో వింటాం కదా. పొద్దున్న అక్కడ ఇంత అంటే రాత్రికి మన రేవులో ఎన్ని మెట్లు మునుగుతాయో వాడు ఎప్పుడూ ముందే చెప్పేవాడు. ఆసారి మాత్రం మెట్లు కాదు, బడే మునిగింది. చాపలు, పటాలు, హాజరు పట్టీలు అన్నీ పోయాయి. వాడు ఏడు దాటకుండానే తాళ్ళరేవులో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదిహేనేళ్ళ కిందట ద్రాక్షారామంలో పెళ్ళికని ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి రేవు దాటుతున్నాను. రేవు దాటించే పంటు మరమ్మతు చేస్తూ ఒకాయన చుట్టూ నలుగురు పనివాళ్ళని పెట్టుకుని నిలబడ్డాడు. నేను గుర్తుపట్టలేదు, వాడే పట్టాడు.

"ఏవండీ టీచరు గారండీ!"

చిన్నప్పుడు "ఏమే" అనేవాడు. ఇప్పుడు నేను నువ్వంటున్నాను, వాడు మీరంటున్నాడు. మానమన్నా మానలేదు. తాళ్ళరేవులో పడవలు కట్టే మేస్త్రీ అయ్యాడట. కాగితం మీద బొమ్మ లేకుండానే కడతారట అక్కడ.

"గీతలింకా గీస్తున్నావా?"

"ఇప్పుడు గీత ముందేసుకుంటానండి. తర్వాత దానికి తగ్గట్టు పడవ కడతాను." కాస్త ఆగి, "మరి మీకు భాగారాలు వచ్చేసినట్టేనాండీ?" అన్నాడు. పనివాళ్ళకి అర్థం కాలేదు, మా ఇద్దరికీ నవ్వాగలేదు. వాళ్ళబ్బాయి కాకినాడలో పాలిటెక్నిక్ చదువుతున్నాడని చెప్పాడు. "ఆడు బాగానే చదువుతాడండి. పడవలంటే మాత్రం భయం."

మేష్టారిని అంతకుముందే, నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో వెళ్ళి చూశాను. రిటైరై అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. కాళ్ళకి దణ్ణం పెడితే ముందు ఆ మాటే ఎత్తారు.

"నిన్ను దూకించడం నా తప్పేనమ్మా. ఇనస్పెక్టరు గారికి ఎదురు చెప్పలేకపోయాను. నిన్ను మూడులోనే కూచోబెట్టి, మూడో తరగతి లెక్కలే ఇంకా లోతుగా ఇవ్వాల్సింది. నీకు కావలసింది పై తరగతి కాదు."

"మరి వాడికండీ?"

"వాడికి కావలసింది పై తరగతే. నేను కింద కూచోబెట్టాను." మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చారు.

అప్పుడు అడిగేశాను, హాజరు పట్టీ వెనక చూశానని. ఆయన గతుక్కుమన్నారు. తర్వాత నవ్వారు. "పెన్సిల్‌తో కదమ్మా రాసింది. చెరిపి మార్చి రాద్దామనే అనుకున్నాను. ఇంతలో వరదొచ్చింది."

నేను ఆ బడి వదిలింది 1984లో. వరద 1986లో. ఆ రెండేళ్ళ మాట ఎత్తకుండా మజ్జిగ తాగేసి వచ్చేశాను.

ఇప్పుడు మా బళ్ళో హాజరు ఫోన్లోనే, యాప్‌లో. దానికి వెనక పేజీలు లేవు. అందుకని ఒక రూళ్ళ పుస్తకం కొని బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను, పెన్సిల్‌తో సహా. మూడో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎక్కాలు రావు, వరసలో చివర కూర్చుంటుంది, చెయ్యెత్తదు. గత మంగళవారం దాని గురించి రాసుకున్నది ఇది:

'అరటాకు ఎటు లాగినా అడ్డంగానే చిరుగుతుందేంటండీ అని అడిగింది. తెలీదన్నాను. మర్నాడు కొబ్బరాకు తెచ్చి, ఇదైతే నిలువుగా అండి అంది. సోమవారం తాటాకు తెస్తానంది.'